నిండుగా చూపించే ముల్లు

తడిసిన గొట్టాలను భుజాల మీద వేసుకొని నలుగురు ఫైర్‌మన్లు ఆరబెట్టే స్తంభం దగ్గరికి మోస్తున్నారు. తడిస్తే ఒక్కో గొట్టం మనిషంత బరువు. పరుపుల గోదాములో మంట పొద్దుటే ఆరింది. మధ్యాహ్నం రెండయినా గొట్టాల్లోంచి కాలిన స్పాంజి వాసన పోలేదు. ఉదయమే దిగాల్సిన డ్యూటీ ఇది. దిగుదామంటే ఎక్కేవాళ్ళు లేరు. పదహారు మంది ఉండాల్సిన ఫైర్ స్టేషన్లో తొమ్మిది మందే ఉన్నారు.

"నిచ్చెన ఏడిరా? పై కొక్కేనికి ఎవడు తగిలిస్తాడు?" అన్నాడొకడు అలవాటుగా.

అని, నాలుక కరుచుకున్నాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి కాబట్టి తోటి ఫైర్‌మన్ ఒకడికి 'నిచ్చెన' అని పేరు. ఇప్పుడు ఆసుపత్రిలో మంచం చాలక కాళ్ళు ముడుచుకొని ఉన్నాడు. ఊపిరితిత్తుల నిండా పొగ.

డ్రైవరు బండి మెట్టు మీద కూర్చొని గాలి సిలిండరు తుడుస్తున్నాడు. మంటల్లోకి నిచ్చెన వీపున కట్టుకొని పోయింది దీన్నే. దీంట్లో ఇప్పుడు చెంచాడు గాలి లేదు. మీటరులో ముల్లు మాత్రం 'నిండుగా' అన్న గీత దగ్గరే ఉంది. అది అక్కడ బిగుసుకుపోయి ఏళ్ళయింది. "దీని కడుపు ఎప్పుడూ నిండే ఉంటుంది, ఎంత పెట్టి పుట్టిందో!" అని నిచ్చెనే అందరినీ నవ్వించేవాడు. గోదాములో ఇద్దరు కూలీలు చిక్కుకున్నారని తెలిసి, ఇంతకంటే మంచిది లేక, దీన్నే కట్టుకున్నాడు. ఒకణ్ణి బయటికి నెట్టాడు. రెండోవాడి కోసం మళ్ళీ పోయాడు. గాలి అయిపోయింది. ఊపిరాడక మాస్కు పీక్కొని, ఆ రెండోవాడి పక్కనే పడిపోయాడు. రెండోవాడు బతకలేదు.

"పెద్దాయనా, సార్ పిలుస్తున్నారు," అన్నాడొక ఫైర్‌మన్ వచ్చి.

వరండాలో బల్ల మీద నిచ్చెన భార్య కూర్చొని ఉంది. డ్యూటీలో ప్రమాదం జరిగిందని స్టేషన్ నుంచి కాగితం తెస్తేనే పెద్దాసుపత్రిలో చేర్చుకుంటారట. చీకటి పడేలోగా అక్కడికి మార్చకపోతే తన చేతుల్లో లేదని డాక్టరు చెప్పేశాడు. పది గంటల నుంచీ ఆమె అలాగే కూర్చొని ఉంది.

"బాబాయ్, కాగితం ఇస్తారా?" అంది.

"ఇస్తారు తల్లీ," అని డ్రైవరు లోపలికి వెళ్ళాడు.

స్టేషన్ ఆఫీసరు తలెత్తకుండానే టైపు చేసిన కాగితం ముందుకు తోశాడు. 'పరికరాలన్నీ సక్రమముగా ఉన్నప్పటికీ, సదరు ఫైర్‌మన్ నిర్లక్ష్యముతో మాస్కు తొలగించినందున...'

డ్రైవరు అక్కడే ఆగిపోయాడు. "ఇది ఎవరు రాశారు సార్?"

"పైనుంచి వచ్చింది. సాక్షిగా నువ్వు సంతకం పెట్టాలి."

"ఇది పెడితే ఆ అమ్మాయికి కాగితం రాదు కదా?"

"రాదు. నేనేం చెయ్యను?"

"వాడు తియ్యలేదు సార్. గాలి లేదు అందులో."

ఆఫీసరు బల్ల మీది లావు రిజిస్టరు తెరిచి వేలు పెట్టాడు. "నిన్న పొద్దున ఏం రాశావ్? ఆరు సిలిండర్లు, అన్నీ సక్రమం. ఈ సంతకం ఎవరిది, నాదా? ఇప్పుడు కాదన్నావో, ముందు ఊడేది నీ ఉద్యోగం. పద్నాలుగు నెలలు ఓపిక పట్టు పెద్దాయనా. పెన్షన్ తీసుకొని హాయిగా ఇంట్లో కూర్చో."

డ్రైవరు తన సంతకం వైపు చూశాడు. దాని పైన ఒకటి, దాని పైన మరొకటి. పేజీ నిండా అదే మాట, సక్రమం, తన చేతి రాతతోనే.

రెండేళ్ళ కిందట ఒక్కసారి నిజం రాశాడు. రూలు ప్రకారం బండిని పదకొండు రోజులు ఆపేశారు. ఆ పదకొండు రోజుల్లోనే వెనక బస్తీలో గుడిసెలు అంటుకున్నాయి. పక్క ఊరి బండి నలభై నిమిషాలకు వచ్చింది. మర్నాడు బస్తీకి వెళితే, ఒక ముసలమ్మ ఖాళీ బకెట్టు తెచ్చి అతని మొహం మీద విసిరింది. పన్నెండో రోజు బండికి కొత్త ఎర్ర రంగు వేశారు. కొత్త సిలిండర్లు మాత్రం రాలేదు. ఆ తర్వాత అబద్ధం రాయమని అతనికి ఎవరూ చెప్పలేదు. తనే రాశాడు, బండి కదలాలని.

పేజీలు వెనక్కి తిప్పాడు. ఆ రోజు దొరికింది. 'ఆరింటిలో నాలుగు పనిచేయవు.' దాని కింద ఆకుపచ్చ సిరాతో పెద్దాఫీసరు ముక్క: 'చూశాను.'

"పైవాళ్ళు చూశారు సార్! చూసి, రెండేళ్ళు కడుపులో చల్ల కదలకుండా కూర్చున్నారు. నేను ఏడొందల సార్లు అబద్ధం రాశాను. నన్ను పీకెయ్యండి, జైల్లో పెట్టండి. ఈ తప్పు వాడి నెత్తిన మాత్రం రుద్దను."

సంతకం కోసం ఇచ్చిన పెన్నుతోనే ఈ రోజు వరుసలో రాశాడు: 'ఆరింటిలో ఒకటీ పనిచేయదు.'

సిరా ఆరకముందే గంట మోగింది. బయట గొట్టాలు వదిలేసి పరుగెత్తే బూట్ల చప్పుడు.

"కొట్టెయ్ దాన్ని! అలా రాసి ఉంటే బండి కదలకూడదు!" అని అరిచాడు ఆఫీసరు.

"బండి తీస్తాను సార్. బయటి నుంచే నీళ్ళు కొడతాం. ఎవణ్ణీ లోపలికి పంపను. రాసింది మాత్రం కొట్టను."

రిజిస్టరు చంకలో పెట్టుకొని వరండాలోకి వచ్చి, దాన్ని ఆమె ఒళ్ళో పెట్టాడు. "నీ మొగుడి తప్పేం లేదని ఇందులో ఉంది. ఎవరడిగినా ఇవ్వకు తల్లీ."

బండి అరుచుకుంటూ గేటు దాటింది. దుమ్ము అణిగేసరికి ఆఫీసరు ఆమె ముందు నిలబడి చెయ్యి చాపాడు.

"అది ప్రభుత్వానిదమ్మా. ఇలా ఇచ్చెయ్."

ఆమె రిజిస్టరును రెండు చేతులా గుండెకు అదుముకుంది. గోడ గడియారం వైపు చూసింది. మూడు కావస్తోంది.

"ముందు కాగితం రాయండి," అంది.

ఆఫీసరు చాపిన చెయ్యి అలాగే ఉంది.