పొద్దెక్కేదాకా

ప్రభుదాస్ రిక్షాలో పేర్చిన కుర్చీల మీదుగా మోకు బిగించి ముడి వేశాడు. తెనాలి షామియానా కొట్టు నుంచి నందివెలుగు పల్లెకు ఇది రెండో విడత. అరవై దాటిన మనిషి. చిన్ననాటి నుంచీ గడ్డిమోపులు మోసి కుడి భుజం కిందికి జారింది. చొక్కా ఎప్పుడూ ఆ పక్కకే వేలాడుతుంది. రిక్షా తొక్కుతుంటే మోకాళ్లు పట్టేస్తున్నాయి. ఊళ్లో కుర్రాళ్లు లేరా అంటే వినడు, మొండిఘటం.

మర్నాడు పల్లెలో వెట్టి పోయిన రోజు పండగ. ముప్పయ్యేళ్లుగా చేస్తున్నారు. మైకు, ఉపన్యాసాలు, భోజనాలు మామూలే. పల్లెవాళ్లు తమకు తాముగా పెట్టుకున్న కట్టుబాటు మాత్రం ఒకటుంది: ఆ రోజు పొద్దెక్కేదాకా ఎవరూ పక్క దిగకూడదు. అప్పు కింద పాలేర్లుగా కుదిరినవాళ్లంతా ఒకప్పుడు తొలికోడి కూయకముందే ఆసామి కొట్టంలో పేడ ఎత్తాలి. నిద్ర చాలక గొడ్ల మధ్యే నిలబడి కునికిన బతుకులవి. అందుకే ఆ ఒక్క పూట కరువుతీరా పడుకోవడమే వాళ్లకు పండగ.

ఆ పండగ ప్రభుదాస్‌కు ఒక్క ఏడాదీ దక్కలేదు. ఏడో ఏట కొట్టంలో అడుగుపెట్టిన ఒళ్లు, వెట్టిని రద్దు చేస్తూ చట్టం వచ్చినా మాట వినలేదు. చీకటితోనే మెలకువ. దొంగనిద్ర పోతుంటే పల్లెంతా నవ్వేది. అతనూ నవ్వేవాడు గాని లోలోపల సిగ్గుతో చచ్చిపోయేవాడు. తానింకా ఆసామి మనిషినే అనిపించేది.

సాయంత్రం కుర్చీలు దింపేసరికి మనిషి వాడిపోయాడు. పంచలో కూలబడి, అన్నం సగంలోనే వదిలేశాడు.

"రేపన్నా పడుకుంటావా మావా, మళ్లీ దొంగేసాలేనా?" అంది భార్య అంకమ్మ.

"ఈసారి చూడవే. ఒళ్లంతా పులిసిపోయింది, నిద్ర పట్టకేం."

పొద్దెక్కాక అంకమ్మ లేచి చూసి నమ్మలేకపోయింది. పంచలో మంచం మీద మావ కదల్లేదు. గోడవైపు తిరిగి, నోరు కొంచెం తెరిచి పడుకుని ఉన్నాడు. ఆమెకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. మైకు కట్టేవాళ్ల దగ్గరికి పరిగెత్తింది.

"అరవమాకండయ్యా! మా ఆయన నిద్రపోతన్నాడు."

ఆ మాట పల్లెంతా పాకింది. జనం వచ్చి దూరం నుంచే చూసి, చప్పుడు కాకుండా చెప్పులు చేత పట్టుకుని వెళ్లారు. ఎండ పంచలోకి వస్తుంటే అంకమ్మ తన పాత చీర తెచ్చి తూర్పువైపు గుంజలకు అడ్డంగా కట్టింది. ఇంకాసేపు పడుకోనీ అనుకుంది.

సభ వేళకు లేపుదామని పాదం పట్టుకుంది. చల్లగా ఉంది.

ఆ ఏడు ఉపన్యాసాలు జరగలేదు. కుర్చీల్లో కూర్చోవలసిన జనమంతా అతని వెనక సమాధుల తోటకు నడిచారు.

పొద్దు పడమటికి తిరిగింది. ఖాళీ పంచలో తూర్పు గుంజలకు ఆ చీర ఇంకా అలాగే కట్టి ఉంది.