నా నంబరు మీద తిరిగే బండి

నేను ఒక రెండు సీట్ల కారును. టాపు లేని రకం. ఇంకా కారునని చెప్పుకోవచ్చో లేదో అంతా విన్నాక మీరే అనండి. ఇప్పుడు నాకు ఇంజను లేదు, నంబరు లేదు. లైట్లు ఉండాల్సిన గుంటల్లో కందిరీగలు కాపురం పెట్టాయి.

పుట్టింది చలిదేశంలో. ఇది పరిగెత్తాలి అన్న ఒక్క మాట మీద నన్ను చేశారు. ఒళ్ళు తేలిక చేశారు, నేలకు దించారు, ముక్కు సాగదీశారు. పొగాకు కంపెనీ దొర ఒకాయన ఓడ మీద మద్రాసుకు, మద్రాసు నుంచి చీరాలకు తెచ్చుకున్నాడు. ఆయన ఉన్న నాలుగేళ్ళూ పరిగెత్తాను. పోతూ పోతూ ఒక పొగాకు వ్యాపారికి అమ్మిపోయాడు. వ్యాపారి మంచివాడే గానీ పొట్ట పెద్దది. ఒకనాడు స్టీరింగు కింద ఇరుక్కుపోతే నలుగురు పట్టి లాగాల్సి వచ్చింది. ఆ మర్నాడే నన్ను పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లోకి నెట్టి గోనెపట్టాలు కప్పారు. కోళ్ళు నా సీట్లో గుడ్లు పెట్టి పొదిగాయి. ఆ పిల్లలు పెరిగి మళ్ళీ అక్కడే పెట్టాయి. అలా ఎన్ని తరాలు గడిచాయో.

నన్ను వెలుతురులోకి లాగింది మార్టూరు అంకమ్మరావు. షామియానాలు, కుర్చీలు, వంటగిన్నెలు అద్దెకిచ్చే సప్లయ్ కంపెనీ అతనిది. మిగతావాళ్ళకు కోళ్ళ పెంట కనిపించింది, అతనికి నాలో కూర్చున్న పెళ్ళికొడుకు కనిపించాడు. ఊరేగింపుకు జీపు కడితేనే గొప్పగా చెప్పుకునే రోజులవి. టాపు లేని కారు ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు.

తీసుకెళ్ళి అద్దంకి రోడ్డులో కాలేషా షెడ్డు ముందు దించాడు. కాలేషా ట్రాక్టర్ల మెకానిక్కు. నాలాంటిదాన్ని ఎన్నడూ చూసినవాడు కాదు. బానెట్ ఎత్తి, చేతులు వెనక్కి కట్టుకుని, పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఊరికే చూశాడు. పానా ముట్టుకోలేదు.

"ఏందిరా, పెళ్ళిచూపులా?" అన్నాడు అంకమ్మరావు.

కాలేషా నవ్వి, బాగవుతుంది గానీ రోజులు పడతాయని చెప్పాడు. కూలి సంగతి కూడా మెల్లగా ఎత్తాడు. అప్పుడు అంకమ్మరావు అన్న మాట, నా బానెట్ మీద చెయ్యి వేసి అన్నాడు కాబట్టి నాకు బాగా గుర్తు.

"మనలో మనకు కూలేందిరా. పెళ్ళిళ్ళకు తిరిగినన్నాళ్ళు తిరగనీ. ఊరేగింపులు చాలించిన రోజున కాయితాలతో సహా బండి నీకే. అంకమ్మ తల్లి సాక్షి."

కాలేషా తల ఊపాడు. ఆ ఊపిన తల మీద పన్నెండేళ్ళు బతికాను.

నా సామాను ఈ దేశంలో దొరకదు. దొరికినా కొనే స్తోమత అంకమ్మరావుకు లేదు. అందుకని కాలేషా ఎక్కడ ఏది దొరికితే అది తెచ్చి నాకు అతికించాడు. పెట్రోలు పంపు జీపుది. క్లచ్ ప్లేటుకు లారీ లైనింగు కోసి రివెట్లు కొట్టాడు. ఇంజను తలకాయ కింద ప్యాకింగ్ కాలిపోతే చీరాల కంచరి దగ్గర రాగిరేకు తెచ్చి, కత్తిరించి, పొయ్యిలో ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాడు. ఉక్కయితే అలా ముంచితే బిగుసుకుంటుంది, రాగి మెత్తబడుతుంది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. కంచరి చేతులకేసి చూస్తూ కూర్చుని నేర్చుకున్నాడు.

అన్నిటికంటే పెద్ద తంటా ఊరేగింపే. పరిగెత్తడానికి చేసినదాన్ని బ్యాండు మేళం వెనక నత్తలా నడపాలి. గాలి తగలదు. పావు మైలు పోకముందే నీళ్ళు మరిగి ముక్కులోంచి ఆవిరి వచ్చేది. కాలేషా ఒక ట్రాక్టరు ఫ్యాను తెచ్చి, రెక్కల చివరలు కోసి నాకు బిగించాడు. అదీ చాలక నీళ్ళ డబ్బా పట్టుకుని నా పక్కన నడిచేవాడు. తోడుపెళ్ళికొడుకు ఎవరని అడిగితే జనం కాలేషాను చూపించేవారు. పెళ్ళికొడుకులు మాత్రం వెనక డిక్కీ మీద ఎక్కి, బూట్లు నా సీటు మీద పెట్టుకుని, ఇదంతా తమ తేజస్సు అన్నట్టు కూర్చునేవారు.

నాకూ అతనికీ ఉన్న సుఖం ఒకటే. రిపేరు కాగానే ట్రయల్ పేరుతో గుండ్లకమ్మ బ్రిడ్జి దాకా తోలేవాడు. అప్పుడు నేను దొర నాటి కారును. కాలేషా పెదాలు బిగించి, కళ్ళు చికిలించి తోలేవాడు. ఆ ట్రయల్ కోసమే ఒక్కోసారి ఏదో ఒక నట్టు వదులుగా ఉంచేవాడని నా అనుమానం.

అతని భార్య హుస్సేన్‌బీకి నోరు పదును. నాకోసం ఎన్ని ట్రాక్టర్ల పని పోగొట్టుకున్నాడో ఆవిడ వేళ్ళ మీద చెప్పేది.

"ఆ బండి మనింటికి వచ్చేనాటికి నువ్వు ఎక్కలేవు, నేను దిగలేను" అనేది.

వస్తుందిలే అనేవాడు కాలేషా. మాట తప్పడు అంకమ్మరావన్న అనేవాడు. వాళ్ళ గుమ్మం పక్కన నాకోసం రేకులు దించి, నేల చదును చేసి ఉంచుకున్నాడు కూడా.

పన్నెండో ఏడు బల్లికురవ ఊరి పెళ్ళిలో నా వెనక స్ప్రింగు చాసీ నుంచి ఊడిపోయింది. తుప్పు. కింద పడుకుని చూసిన కాలేషా చాలాసేపు బయటికి రాలేదు. అతుక్కి అతుకు వేయడమే గానీ అసలు బట్ట ఎక్కడుందన్నా అన్నాడు.

ఆ నెలలోనే కావలి వైపు మూతబడ్డ రైసుమిల్లు గోడౌన్లో అచ్చం నాలాంటిదే ఒకటి ఉందని తెలిసింది. ఇంజను లేదు, కాయితాలు లేవు. దాన్ని కోసి నాకు పెట్టుకోవచ్చని తెచ్చారు. ట్రాక్టరు ట్రక్కులో అది దిగుతుంటే చూశాను. ఒకే తల్లి కడుపున పుట్టినదే. జాలి పడాల్సింది. పడలేదు. దాని చాసీ నాకు, దాని తలుపులు నాకు అని మురిశాను.

కాలేషా రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి పానా వెనక కొసతో తట్టాడు. దాని తలుపు కంచు చెంబులా ఖంగుమంది. నాది గుమ్మడికాయలా చప్పుడు చేసింది. లోపల ఉన్నది రేకు కాదు, తుప్పు కన్నాలు పూడ్చిన లప్పం. ఆ లప్పం నింపింది అతనే. ఎక్కడ నింపాడో అక్కడే తట్టాడు. నా గుట్టు తెలిసినవాడు, ఆ గుట్టుతోనే నన్ను పట్టించాడు.

"దీన్ని బాగుచేయడం దండగన్నా. దీని ఇంజను తీసి దానికి పెడదాం" అన్నాడు.

అతని లెక్క నాకు అర్థమైంది. ఎటూ రేపు తనదయ్యే బండి. తుప్పు పట్టింది ఎందుకు, గట్టిది ఉండగా. మూడు నెలలు అతని చేతులే నన్ను ఒలిచాయి. ఇంజను, గేర్‌బాక్సు, లైట్లు, ట్రాక్టరు ఫ్యాను, జీపు పంపు. ఒక్కొక్కటి తీసేటప్పుడు ఎంత నెమ్మదిగా తీశాడో. ఆ నెమ్మది నాకోసం కాదు, ఆ సామాను కోసం. చివర నా చాసీ నంబరు రేకు నాలుగు రివెట్లూ కోసి, తీసుకెళ్ళి దానికి కొట్టాడు. ఆ రోజు నుంచి నేను అది, అది నేను. అది ట్రయల్‌కు వెళ్ళింది. నన్ను అంకమ్మరావు షెడ్డులో మూలకు తోశారు.

ఆ వేసవి పెళ్ళిళ్ళలో పాత కార్లు పోగుచేసే హైదరాబాదు ఆసామి ఒకాయన దాన్ని చూశాడు. వారం తిరక్కుండా లారీ వచ్చి ఎక్కించుకుపోయింది. కాలేషాకు కబురు లేదు. పొద్దున్నే గ్రీజు డబ్బా పట్టుకుని అంకమ్మరావు షెడ్డుకు వచ్చినవాడు ఖాళీ జాగా చూసి నిలబడిపోయాడు. అంకమ్మరావు షామియానా మడత పెట్టిస్తున్నాడు.

"బండేదన్నా?"

"ఇచ్చేశాలే. ఆయన బతిమాలితే కాదనలేకపోయా. ఊరేగింపులు చాలిస్తున్నా."

"చాలిస్తే నాకిస్తానన్నావు గదా."

"ఇస్తున్నాగా." అంకమ్మరావు గడ్డంతో నన్ను చూపించాడు. "ఆనాడు కోళ్ళ పెంటతో నీ షెడ్డు కాడ దించింది దీన్నేగా? నేను మాట తప్పే మనిషిని కాదు. తోలుకుపో."

"కాయితాలతో సహా అన్నావు."

"కాయితాలు నంబరెంట పోతయ్యి. ఆ నంబరు రేకు పీకి దానికి కొట్టింది నువ్వు కాలేషా. నేను కొట్టలా." ఈ మాట గొంతు తగ్గించి, ప్రేమగా అన్నాడు.

కాలేషా నావైపు తిరిగి చూశాడు. పన్నెండేళ్ళలో నన్ను ఆ చూపు చూడటం అదే మొదలు. మోసం చేసినవాణ్ణి చూడాల్సిన చూపు నా మీద పడింది. తిట్టాల్సిన మనిషి పక్కనే ఉన్నా బండిని తిట్టుకోవడం మనుషులకు సులువు.

సాయంత్రానికి అంకమ్మరావే నన్ను ట్రక్కులో పంపించి, కాలేషా గుమ్మం పక్కన చదును చేసిన జాగాలో దించేయించాడు. హుస్సేన్‌బీ చూసి, ఒక్కసారి నా చుట్టూ తిరిగి, ఇదేనా అంది. ఆవిడ తిట్టి ఉంటే కాలేషాకు తేలికయ్యేది.

ఎనిమిది నెలలు అతను నన్ను ముట్టుకోలేదు. అటువైపు నడవాల్సి వస్తే చుట్టు తిరిగి పోయేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం లారీ ఒకటి వచ్చి షెడ్డు ముందు ఆగింది. దాని మీద నా తోబుట్టువు. ఎర్ర రంగు వేశారు, మెరిసిపోతోంది. నా ఇంజను మొరాయించిందట. హైదరాబాదు మెకానిక్కులకు అంతు చిక్కకపోతే అంకమ్మరావు ఇక్కడికి పొమ్మన్నాడట. లారీ వెంట వచ్చిన హైదరాబాదు ఆయన మర్యాదస్తుడే. ఆ బండి అంకమ్మరావు వాళ్ళ నాన్న దొర చేతినుంచి కొన్నాడనీ, బయటివాళ్ళ చెయ్యి ఎన్నడూ పడలేదనీ కాలేషాకు వివరంగా చెప్పాడు. అంకమ్మరావు చెప్పగా తను విన్నది అదే.

"అన్నీ ఒరిజినలేనయ్యా. ఎవడో బుద్ధి లేనివాడు ఇందులో ట్రాక్టరు ఫ్యాను పెట్టాడు. అదొక్కటే" అన్నాడు.

కాలేషా బానెట్ మీదికి వంగి ఉన్నాడు. "అవును సార్" అన్నాడు.

రాగి ప్యాకింగ్ కాలింది. కొత్తది కత్తిరించి, కాల్చి, ముంచి, బిగించాడు. గంటన్నరలో నా గొంతు లేచింది. ఆయన సంతోషించి అటూ ఇటూ చూస్తూ నా దగ్గరికి వచ్చాడు. వంగి చూశాడు. నా ముక్కు, దాని ముక్కు ఒకటేనని పసిపిల్లవాడికైనా తెలుస్తుంది.

"ఇది కూడా అదే మోడల్ లాగుందే. ఎక్కడిదయ్యా?"

హుస్సేన్‌బీ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. చేట మీద చెయ్యి ఆగింది. కాలేషా ఒక్క మాట అంటే చాలు. ఇదే అసలుదని, ఆ ఫ్యాను పెట్టింది నేనేనని. నేను ఆ మాట కోసం కాచుకున్నాను. నా దగ్గర మిగిలిందల్లా ఆ మాటే.

కాలేషా చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న వేళ్ళను ఒక్కొక్కటిగా మళ్ళీ తుడిచాడు.

"తెలీదు సార్. ఎవరో పారేసి పోయారు."

హుస్సేన్‌బీ చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన నా స్టీరింగు చక్రం చెక్కది బాగుందని మెచ్చుకున్నాడు. తన బండిది కొంచెం బీటలు వారింది, ఇది దానికి సరిపోతుందేమో చూడమన్నాడు. కాలేషా నా సీటులోకి ఎక్కి కూర్చున్నాడు. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి. ఒక్క క్షణం రెండు చేతులూ చక్రం మీద పెట్టాడు. తర్వాత నట్టు విప్పి, ఊడదీసి, దిగి ఆయన చేతికిచ్చాడు.

ఎర్ర బండి లారీ ఎక్కలేదు. ఆయన తనే తోలుకుంటూ పోయాడు. రోడ్డు మలుపు దాకా నా గొంతు వినిపించింది. గేరు మార్చాడు, ఇంకో గేరు మార్చాడు. కాలేషా రోడ్డు మీద నిలబడి వింటున్నాడు, నేను గుమ్మం పక్కన వింటున్నాను. రెండో గేరు కొంచెం ముందుగా వేశాడని ఇద్దరికీ తెలుసు. ఆ మాట చెప్పుకోవడానికి అతనికి నేను తప్ప ఎవరూ లేరు. అయినా నావైపు తిరగలేదు.