మైసయ్య బండికి కొబ్బరినూనె

బసవయ్యకు కోపం ఎక్కువని చాంద్రాయణగుట్టలో ఎవరినడిగినా చెబుతారు. అబద్ధమేం కాదు. ముప్పై ఏళ్లుగా బండ్ల కింద వెల్లకిలా పడుకుని, కళ్లలో తుప్పు రాలుతుంటే బతుకుతున్న మెకానిక్‌ను నేను. నాకు ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి?

మైసయ్యది జహనుమా. పద్నాలుగు బర్రెలు, ఒక దున్నపోతు, ఒక పాత పికప్ ఆయన ఆస్తి. ఆ పికప్ కొని ఇరవై ఒక్క ఏళ్లయింది. ఇంజను ఒకసారి, గేరుబాక్సు రెండుసార్లు మార్చాను. వెనక సామాను పెట్టే డాలాకు అడుగు రేకు ఎన్నిసార్లు వేశానో నాకే గుర్తులేదు. పాలక్యాన్ల తడికి కొత్త రేకైనా మూడేళ్లకు మించి ఆగదు. ఆయన మాత్రం ఆ బండిని ఒక్కరోజు కూడా తిట్టగా నేను వినలేదు.

వినాయక నిమజ్జనం అయిన వారం, మైసయ్య, ఆయన కొడుకు మహేందర్ ఆ బండిలోనే నా షెడ్డుకు వచ్చారు. దిగీ దిగకముందే మహేందర్ అందుకున్నాడు.

"కాకా, నువ్వే సాక్ష్యం. ఈసారి ఫిట్‌నెస్ పాసైతే ఇంకో ఏడాది ఉంచుదాం. కాకుంటే తుక్కుకే. ఒప్పుకున్నవు గద బాపు?"

"ఒప్పుకున్న" అన్నాడు మైసయ్య. నా వైపు చూడలేదు.

ఆయన బాధ నాకు తెలుసు. దీపావళి తర్వాత దున్నపోతులను ముస్తాబు చేసి ఊరేగించే సదర్ పండుగకు, వాళ్ల దున్నపోతు ఈ బండిని తప్ప ఇంకోదాన్ని ఎక్కదు. డాలాకు పలక ఆనిస్తే చాలు, దొరలా తనే నడిచి ఎక్కి నిలబడుతుంది. ఒక ఏడు మహేందర్ ముచ్చటపడి కొత్త వ్యాను తెస్తే, ఆరుగురు తోసినా కాలు కదపలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు మైసయ్య మొహం చూడాలి.

సరే, పని మొదలుపెట్టాను. కుళ్లిన రేకులు కోసేసి కొత్తవి అతికించాను. పాత పెయింటంతా గీకేసరికి బండి మొత్తం బోడిగా, తెల్లగా తేలింది. "పొద్దున ప్రైమర్ కొడతా. ఎవరూ చెయ్యి పెట్టొద్దు" అని చెప్పి ఇంటికి వెళ్లాను.

పొద్దున వచ్చి చూద్దును కదా, బండి నిగనిగలాడుతోంది! పక్కన మైసయ్య, చేతిలో కొబ్బరినూనె డబ్బా. పాలు పోసి వస్తూ వస్తూ, టాపు నుంచి డాలా దాకా అంగుళం వదలకుండా నూనె మర్దన చేశాడు.

"ఏంది మైసన్నా ఇది?"

"బోడిగ ఉన్నది గద తమ్మీ, ఊకె ఎట్ల వదిలేస్తం? సదర్‌కు వెంట్రుకలు గీకినంక బర్రెకు నూనె రాయకుంటే తోలు పగుల్తది. దీనికి గూడ జంగు పట్టి రేకు తింటదని రాసిన."

"ఓ అయ్యా! నూనె మీద పెయింటు ఆగుతదా? ఇది బండా, బర్రెనా?"

"తప్పయింది తమ్మీ" అన్నాడు. అక్కడితో వదిలేయొచ్చు. వదిలితే నేను బసవయ్యను ఎందుకవుతాను? థిన్నర్‌తో ఒకసారి, సబ్బునీళ్లతో రెండుసార్లు, మళ్లీ థిన్నర్‌తో తుడిచినా అతుకుల్లోంచి నూనె వస్తూనే ఉంది. నాలుగు రోజులు పోయాయి. ఆ నాలుగు రోజులూ షెడ్డుకు ఎవరొచ్చినా పిలిచి మరీ చెప్పాను, "చూడుండ్రి, ఈ అన్న బర్రెకు పోసినట్టు బండికి తలంటు పోసిండు" అని. అందరూ నవ్వేవారు. మైసయ్య కూడా నవ్వేవాడు. ఆ నవ్వు చూసి నాకు ఇంకా ఒళ్లు మండేది.

చివరికి పెయింటు పడింది. రేపు ఫిట్‌నెస్ అనగా, బండి అడుగుభాగానికి నల్లరంగు కొట్టడం ఒక్కటే మిగిలింది. కింద దూరి చూస్తే, కుడివైపు ముందు చక్రం వెనకాల ఛాసిస్ చట్రం మీద బెరడులా గట్టిపడిన నల్లటి నూనె జిడ్డు కనిపించింది. ఇక్కడ కూడా నూనేనా! గ్రైండర్ అందుకుని ఒక్క ఊపున గీకాను.

ఇనుము తళుక్కుమన్నాక చెయ్యి ఆగింది. అది ఛాసిస్ నంబరు ఉండే చోటు.

ఆ చోటు నాకు తెలియనిది కాదు. ఏటా ఫిట్‌నెస్‌కు దాని మీద కాగితం పెట్టి, పెన్సిల్ రుద్ది, అంకెల అచ్చు తీసిచ్చేది నేనే. బండి కొన్న ఏడు మైసయ్య భార్య కొమురమ్మతో "వదినా, బండి ఊరూ పేరూ ఇదే" అని చెప్పింది కూడా నేనే. అప్పటి నుంచి ఏ దసరాకూ ఆమె ఆ నంబరుకు నూనె, కుంకుమ మానలేదు. చుట్టూ ఛాసిస్ తుప్పుతో పొరలు లేచినా, ఆ నూనె కింద అంకెలు కొత్తవాటిలా ఉండేవి. ఇప్పుడు చివరి ఎనిమిది అంకెలు లేవు. వేలితో తడిమాను. నున్నగా తగిలింది.

మైసయ్యను పిలిచి చూపించాను. ఆయనా వంగి తడిమాడు.

"పోయిందా?"

"సగం పోయింది."

లేచి తువ్వాలుకు చెయ్యి తుడుచుకున్నాడు. "పెయింటు మస్తుగ వచ్చింది తమ్మీ" అన్నాడు. నాలుగు మాటలు తిట్టినా బాగుండేది.

మర్నాడు ఆర్టీఏ ఆఫీసులో బ్రేకులు, లైట్లు, పొగ అన్నీ సరిగ్గా ఉన్నాయి. పాత బండిని ఇంత బాగా ఉంచుకున్నారని ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నాడు కూడా. తర్వాత వంగి నంబరు చూశాడు.

"ఎవరు గీకింది దీన్ని?"

చుట్టూ నాకు తెలిసిన మెకానిక్కులు, బ్రోకర్లు. బసవయ్య చేత్తో నంబరు పోయిందంటే ఇక నా షెడ్డుకు బండి ఎవడు తెస్తాడు? వంగి చక్రం బోల్టులు చూస్తున్నట్టు నటించాను.

"నేనే సార్" అన్నాడు మైసయ్య. "పాలోన్ని. బర్రెను తోమినట్టు తోమిన."

నాలుగు రోజులు నేను ఊరంతా చాటిన మాట అది. ఇన్‌స్పెక్టరు తల అడ్డంగా ఊపాడు. పోలీసుల నుంచి కాగితం తేవాలి, అనుమతి తీసుకుని నంబరు మళ్లీ కొట్టించాలి, అప్పటిదాకా పాస్ లేదని చెప్పి పంపేశాడు.

షెడ్డుకు తిరిగొచ్చేసరికి మహేందర్ కూర్చుని ఉన్నాడు. సంగతి విని, బండ్లు తెచ్చిన నలుగురు గిరాకీల ముందే తండ్రి మీద లేచాడు.

"నీకు ఎందుకు బాపు ఈ పనులు? మొన్న నూనె, ఇయ్యాల నంబరు. మాట మాటే. రేపు పొద్దుగాల తుక్కోన్ని పిలుస్తా."

"పిలువు" అన్నాడు మైసయ్య. డాలాలోంచి దున్నపోతు ఎక్కే పలక దించి, గోడకు ఆనించాడు. "గా పలక ఒక్కటి ఉంచుండ్రి."

ఇక ఆగలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"నంబరు గీకింది నేను" అన్నాను. షెడ్డులో అందరూ నా వైపు తిరిగారు.

"నువ్వా కాకా?"

"నేనే. కోపంల గ్రైండర్ పెట్టిన. ఆఫీసుల నా ఇజ్జత్ పోతదని మీ బాపు మీదేసుకున్నడు. నేను నోరు మూసుకొని నిలబడ్డ. బండిల ఏ తప్పు లేదు బిడ్డా."

మహేందర్ తండ్రి వైపు చూశాడు. మైసయ్య పలక మీది పేడ గీకుతున్నాడు.

"నంబరుకు ఎన్ని రోజులు పడ్తది?" అని నన్ను అడిగాడు మహేందర్.

"తెల్వదు. తిరిగేది మాత్రం నేనే."

"సదర్ లోపల కావాలె" అని లేచి వెళ్లిపోయాడు.

ఇరవై ఆరు రోజులు పొద్దంతా షెడ్డు మూసి తిరిగాను. దొంగబండి కాబట్టే నంబరును కావాలని చెరిపారని పోలీసులకు అనుమానం. కొమురమ్మ దేవుడి పటాల వెనక నుంచి ఒక కవరు తీసిచ్చింది. ఏటా నేను తీసే పెన్సిల్ అచ్చుల్లో ఒకటి దాచిందట. ఒక్క అంకె తేడా లేకుండా ఉన్నాయవి. వాటితోనే పని జరిగింది.

నంబరు మళ్లీ కొట్టించి, ఫిట్‌నెస్ కాగితంతో షెడ్డుకు వచ్చేసరికి సదర్ ఇంకా ఐదు రోజులుంది. మొన్న నవ్విన గిరాకీలే ఇద్దరు అక్కడున్నారు. మైసయ్య జేబులోంచి చిన్న నూనె సీసా తీశాడు. మూత తీయలేదు.

"పెట్టనా తమ్మీ?" అని అడిగాడు.

ఇరవై ఒక్క ఏళ్లలో తన బండికి నూనె పెట్టడానికి ఆయన ఎవరినీ అడగలేదు. సీసా ఆయన చేతిలోంచి తీసుకున్నాను. చక్రం వెనకకు దూరి, నంబరుకు నేనే రాశాను.