ఎవరు పెట్టిన వాత?

“ఉమ్మ్‌హా సవ్వత్.”

తల్లే చేసింది.

పోలీసు అధికారికి అబ్బులు అరబ్బీలో చెప్పిన మాట అది. చెప్పాక వీరమ్మ వైపు తిరిగి జాలిగా చూశాడు.

“నర్సరీ వాళ్ళదే తప్పని గట్టిగా చెప్పాను చెల్లెమ్మా. నువ్వేం బెంగ పెట్టుకోకు,” అన్నాడు తెలుగులో.

వీరమ్మ తల ఊపింది. ఒళ్ళంతా మండిపోతున్నా ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు.

ఆమె ఒడిలో ఐదేళ్ళ కూతురు కనకం, కుడికాలికి కట్టుతో, మాట లేకుండా కూర్చుంది. నిన్న నర్సరీ నుంచి రాగానే బూటు విప్పబోతే కెవ్వున అరిచింది. మేజోడు అరికాలికి అతుక్కుపోయింది. నీళ్ళతో తడిపి లాగితే కింద కాలిన మచ్చ. పావలా బిళ్ళంత గుండ్రంగా, లోపల చుట్టులో చుట్టు, జిలేబీలా. ఎవరు చేశారే అని అడిగితే పిల్ల పెదవి బిగించింది. ఇంతవరకూ నోరు విప్పలేదు.

వీరమ్మ షార్జాలో ఒక అరబ్బుల ఇంట్లో వంటమనిషి. ఆ ఇంటి పెరట్లోని గదిలో కూతురితో ఉంటోంది. భర్త సూరిబాబు జెబెల్ అలీలో ట్రైలర్ నడుపుతాడు, నెలకోసారి వచ్చి పోతాడు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ యజమానురాలు “సవ్వీ చాయ్” అంటుంది, రొట్టె కావాలంటే “సవ్వీ ఖుబుజ్” అంటుంది. చెయ్యమని చెప్పే ఆ మాట తెలియకపోతే ఆ వంటింట్లో ఒక్క పూట గడవదు. ఉమ్మ్ అంటే అమ్మ అని ఆ ఇంటి పిల్లలే నేర్పారు. నార్ అంటే నిప్పు. మాట్లాడమంటే తడబడుతుంది గానీ వింటే చాలావరకు అర్థమవుతుంది.

ఆ సంగతి అబ్బులుకు తెలియదు. అతను నర్సరీ వ్యాన్ డ్రైవర్. గోదావరి జిల్లాల వాళ్ళకి ఆస్పత్రి పని పడినా, పోలీసు పని పడినా అబ్బులే వెంట వెళ్ళి మాట్లాడాలి. తను తప్ప ఇంకెవరికీ అరబ్బీ రాదన్న ధీమా అతనిది. కనకాన్ని నర్సరీలో చేర్పించింది కూడా అతనే. “మనూరి పిల్ల, నాకు వదిలెయ్,” అన్నాడు అప్పట్లో.

“శూఫ్,” అన్నాడు అబ్బులు అధికారితో. చూడండి అని. చనువుగా కనకం గౌను పైకెత్తాడు. బొడ్డు చుట్టూ పాత మచ్చలు. పిల్ల పసిగుడ్డుగా ఉన్నప్పుడు కడుపు ఉబ్బితే నాయనమ్మ పసుపు కొమ్ము కాల్చి పెట్టిన వాతలు.

అధికారి ఆ మచ్చల్ని చూశాడు, కాలి కట్టును చూశాడు, చివరికి వీరమ్మను చూశాడు. ఆ చూపులో అసహ్యం.

వీరమ్మకు మొత్తం అర్థమైపోయింది. వీళ్ళ ఊళ్ళలో పిల్లల్ని కాల్చడం అలవాటేనని, ఈ వాత కూడా తల్లే పెట్టిందని చెబుతున్నాడు. అది నమ్మితే తను జైలుకు. తర్వాత విమానం. కాల్చిన చెయ్యి మాత్రం షార్జాలో హాయిగా అన్నం తింటూ ఉంటుంది.

అబద్ధమని అరవబోయింది. ఆగింది. అరిస్తే వీడు జాగ్రత్తపడతాడు. వీడు ఎవర్ని కాపాడుతున్నాడో ముందు తెలియాలి.

“ఏమంటున్నారు అన్నయ్యా?” అమాయకంగా అడిగింది.

“శనివారం నియాబాకి రమ్మంటున్నారు. కేసు కోర్టుకి పంపాలా వద్దా అని తేల్చే పెద్ద ఆఫీసులే. అక్కడ రాజీ చేయిస్తాను. ఆస్పత్రి ఖర్చంతా నర్సరీ మేడమ్ పెట్టుకుంటుంది. నువ్వు బొటనవేలు వేస్తే చాలు.”

“నీ రుణం ఎలా తీర్చుకోను అన్నయ్యా,” అంది వీరమ్మ. నిజంగానే ఆలోచిస్తోంది, ఎలా తీర్చుకోవాలా అని.

* * *

నర్సరీ వెనక గేటు దగ్గర ఆయా పాపాయమ్మ తువ్వాళ్ళు ఆరేస్తోంది. వీరమ్మను చూడగానే లోపలికి పోబోయింది. వీరమ్మ ఆమె చెయ్యి ఒడిసి పట్టుకుంది.

“నా కూతుర్ని కాల్చింది నువ్వా?”

“అమ్మమ్మా! నా నోట్లో మట్టి పడ! నేనెందుకు కాలుస్తానే?”

“మరెవరు? మీ మేడమా?”

“గట్టిగా అరవకే తల్లీ. వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీల్ ఇంట్లోంచి పారిపోయొచ్చినదాన్ని. కాగితాల్లేవు. పోలీసులు వస్తే ముందు నన్నే ఎక్కిస్తారు విమానం.”

“పోలీసులకి చెప్పను. నాకు చెప్పు. లేదంటే ఇక్కడే నిలబడి వీధంతా వినేలా అరుస్తాను.”

పాపాయమ్మ లోపలికి ఓసారి చూసి గొంతు తగ్గించింది.

“నర్సరీలో జరగలేదే. ఒట్టు. ఆ రోజు పొద్దున వ్యాన్ దిగేటప్పటికే కనకం కుంటుతోంది. బూటు బిగువేమో అనుకున్నాను, పాడుముండని. విప్పబోతే కొరికేసింది నన్ను.”

“వ్యాన్‌లోనా? ఎవరున్నారు?”

“అందరికన్నా ముందు ఎక్కేది నీ కూతురేగా. మిగతా పిల్లలు తర్వాత ఎక్కుతారు. ఒక్కోరోజు మేడమ్ కూడా వ్యాన్‌లోనే వస్తది. ఆ రోజు ఆవిడ ముందే ఉందా, మధ్యలో ఎక్కిందా, నాకు తెలీదు.”

మేడమ్. పళ్ళు పటపట కొరికింది వీరమ్మ. జీతమిచ్చే మనిషి కాబట్టి అబ్బులు ఆవిడను కాస్తున్నాడన్నమాట.

ఆ సాయంత్రం మటన్ కోస్తూ కత్తిని చాలాసేపు చూసింది. కడిగి, తువ్వాల్లో చుట్టి, తన సంచిలో పెట్టుకుంది.

* * *

కోర్టు ఎదుట వరండాలో టైపు మిషన్ పెట్టుకుని అరబ్బీలో అర్జీలు కొట్టే సనావుల్లాది నిజామాబాద్ వైపు. వీరమ్మ చెప్పిందంతా విని ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు.

“చూడు తల్లీ. నియాబాల నువ్వు ఏం చెప్పినవో రాసుకుంటరు. కింద వేలు పెట్టినవంటే అది నీ మాటే. ‘నేనే వాత పెట్టిన, మాఫ్ చెయ్యండి’ అని నువ్వన్నట్టు అబ్బులు చెప్తడు. నువ్వేమో రాజీ అనుకుని వేలు పెడ్తవ్. ఖలాస్. కేసు ఆడ్నే సచ్చిపోతది.”

“వెయ్యకపోతే?”

“నువ్వే కేసు పెట్టొచ్చు. చేసినోనికి శిక్ష పడాలంటే ఒక దారి. పిల్లకు నష్టం కట్టాలంటే ఇంకో దారి. రెండూ అడగొచ్చు నువ్వు. కానీ దేనికైనా ముందు ఒకటి కావాలె.”

“ఏంటి?”

“పేరు. ఎవరు చేసిన్రో పేరు చెప్పాలె. చెప్పి, చూపియ్యాలె. నర్సరీ చేసింది, వ్యాన్ చేసింది అంటే చెల్లదు. గోడకు సంకెళ్ళు వెయ్యరు గదా.”

వీరమ్మ సంచి మీద చెయ్యి వేసింది. “పేరు తెలిస్తే కోర్టు దాకా ఎందుకు భాయ్? నేనే చూసుకుంటాను.”

సనావుల్లా చూపు సంచి మీదికి పోయింది. తువ్వాల్లోంచి కత్తి పిడి బయటికి కనబడుతోంది.

“దాంతోని పొడిస్తే చేసినోడు షహీద్ అయితడు, నువ్వు ఖూనీకోరువైతవ్. పిల్ల ఎవరికి? వానికి మంచిగ శిక్ష పడాలెనా, నీ కోపం తీరాలెనా, చెప్పు.”

“రెండూ కావాలి,” అంది వీరమ్మ.

ఆయన నవ్వాడు. “గట్టిదానివే. నీతోని నేనొస్త. అరబ్బీ నేను చెప్త.”

“వద్దు భాయ్. అబ్బులే రావాలి. అబద్ధం ఆడినోడి నోటితోనే నిజం కక్కించాలి. మీరు గుమ్మం బయట కూర్చోండి, చాలు. లోపలికి కనబడేలా.”

* * *

శనివారం పొద్దున అబ్బులు వ్యాన్ తీసుకుని వచ్చాడు. నియాబా వాళ్ళు పిల్లను చూడాలన్నారు కాబట్టి కనకాన్ని తీసుకెళ్ళక తప్పదు. వ్యాన్‌ను చూడగానే పిల్ల తల్లి మెడను రెండు చేతులా పట్టేసుకుంది. వీరమ్మ ముందు సీట్లో కూర్చుని పిల్లను ఒడిలో పెట్టుకుంది.

సీట్లకు కొన్నప్పటి ప్లాస్టిక్ తొడుగులు ఇంకా అలాగే ఉన్నాయి. అద్దంలా తుడిచి పెట్టాడు.

“కాళ్ళు సీటుకి తగలనివ్వకు చెల్లెమ్మా. ఈ వ్యాన్ నాకు ప్రాణం. మరక పడిందంటే మేడమ్ నా జీతంలో కోస్తుంది,” అన్నాడు నవ్వుతూ.

“మొన్న మేడమ్ కూడా వ్యాన్‌లో వచ్చిందా అన్నయ్యా?”

“ఏ మొన్న? ఆవిడ ఊళ్ళోనే లేదుగా. దుబాయ్‌లో అక్క ఇంటికెళ్ళి మొన్న సాయంత్రానికి గానీ రాలేదు.”

అని, సిగరెట్ నోట్లో పెట్టుకుని, స్టీరింగ్ పక్కనున్న బొత్తాన్ని లోపలికి నొక్కాడు.

కనకం ఒళ్ళు కొయ్యబారిపోయింది.

వీరమ్మకు ఎందుకో అర్థం కాలేదు. పిల్ల గుండె తన చేతి కింద దడదడ కొట్టుకుంటోంది. కట్టు కట్టిన కాలిని మెల్లగా లాక్కుని గౌను కింద దాచుకుంటోంది.

టక్!

బొత్తాం బయటికి ఎగిరింది. అబ్బులు దాన్ని లాగి సిగరెట్‌కు ఆనించాడు. ఎర్రగా కాలిన గుండ్రటి తీగ. పావలా బిళ్ళంత. చుట్టులో చుట్టు. జిలేబీలా.

వీరమ్మ ఒడి వెచ్చగా తడిసింది. పిల్ల భయంతో పోసేసింది. తడి జారి సీటు మీదికి పాకింది.

అబ్బులు ముఖం ఒక్కసారిగా మారిపోయింది. కళ్ళు చిన్నవయ్యాయి.

“మళ్ళీనా!” అని పళ్ళ మధ్యనుంచి అన్నాడు.

వెంటనే సర్దుకున్నాడు. “పర్లేదులే చెల్లెమ్మా. చిన్నపిల్ల. ఏం చేస్తాం.”

మళ్ళీ. అంటే ముందొకసారి తడిపింది. ఒంటరిగా ఉన్నప్పుడు.

వీరమ్మ చెయ్యి సంచిలోకి వెళ్ళింది. పిడి దొరికింది. అతని మెడ ఆమె చేతికి అందేంత దూరంలో ఉంది. గొంతు మీద నరం కొట్టుకోవడం కూడా కనబడుతోంది. ఒక్క తోపు చాలు.

కనకం తల్లి గుండెల్లో ముఖం దాచుకుంది. వీరమ్మ పిడి వదిలేసింది. ఇంత సుఖంగా చావనివ్వకూడదు వీణ్ణి.

నియాబా ముందు వ్యాన్ ఆపి, ఆమెవైపు తలుపు తీయడానికి అబ్బులు చుట్టూ తిరిగి వస్తున్నాడు. ఆ కాస్త వ్యవధిలో కత్తి సీటు కిందికి జారింది. ఆ సిగరెట్ లైటర్ బొత్తాం దాని గూట్లోంచి సంచిలోకి చేరింది.

* * *

బల్ల వెనక కాళ్ళ దాకా దిగే తెల్లటి కందూరాలో కుర్రవయసు సర్కారు వకీలు. పక్కన రాసుకునే గుమాస్తా. తెరిచిన గుమ్మం అవతల బెంచీ మీద సనావుల్లా.

అబ్బులు అనర్గళంగా మాట్లాడాడు. వీరమ్మకు మధ్యమధ్య మాటలు దొరుకుతున్నాయి. ఉమ్మ్‌హా. నార్. సవ్వత్. మళ్ళీ ఉమ్మ్‌హా. గుమాస్తా రాసి కాగితాన్ని ఇటు తిప్పాడు. సిరా దిండు ముందుకు జరిపాడు.

“రాజీ కుదిరింది చెల్లెమ్మా. వేలు వెయ్యి.”

వీరమ్మ బొటనవేలు సిరాలో అద్దింది. కాగితం దాకా తెచ్చింది. అక్కడ ఆపింది.

“లా,” అంది. కాదు.

వకీలు తలెత్తాడు.

“అనా మా సవ్వేత్.” నేను చెయ్యలేదు. సిరా అంటిన వేలిని అబ్బులు వైపు చూపించింది. “హాదా కద్దాబ్.” వీడు అబద్ధాలకోరు.

అబ్బులు ముఖంలో నెత్తురు లేదు.

“నీకు అరబ్బీ వచ్చా?” వకీలు అడిగాడు.

“శ్వయ్య. మత్బఖ్.” కొంచెం. వంటింటిది.

గుమాస్తా నవ్వు ఆపుకున్నాడు. వకీలు నవ్వలేదు.

వీరమ్మ కూతురి కాలి కట్టు విప్పింది. లైటర్ తీసి బల్ల మీద పెట్టింది. దాన్ని చూడగానే కనకం కళ్ళు మూసుకుని కాలు ముడుచుకుంది. వకీలు లేచి ఇవతలికి వచ్చాడు. లైటర్‌ను గాయం పక్కన, తగలకుండా, పట్టి చూశాడు. చుట్టుకు చుట్టు సరిపోయింది. చాలాసేపు చూసి గుమ్మం దగ్గరున్న పోలీసుకు సైగ చేశాడు. పోలీసు లోపలికి వచ్చి అబ్బులు వెనక నిలబడ్డాడు.

“ఇది ఎక్కడిది?” అన్నాడు వకీలు.

వీరమ్మకు వచ్చిన అరబ్బీ అక్కడితో అయిపోయింది. ఆమె నెమ్మదిగా అబ్బులు వైపు తిరిగింది.

“అన్నయ్యా, నా నోరు నువ్వేగా. చెప్పు. ఇది నీ వ్యాన్‌లోది అని చెప్పు.”

అబ్బులు అరబ్బీలోకి దిగాడు. ఏదో గొణిగాడు. అందులో బండికి అరబ్బీ మాట వినబడలేదు.

“లా,” అంది వీరమ్మ. “సయ్యారా. చెప్పు.”

అతను గుమ్మం వైపు చూశాడు. సనావుల్లా కళ్ళజోడు పెట్టుకుని వింటున్నాడు.

“ఆమె ఏం చెబితే అది చెప్పు,” అన్నాడు వకీలు. “నువ్వు చెప్పకపోతే బయట ఉన్న అర్జీలాయన చెబుతాడు. నువ్వు దాచావని కూడా రాస్తాను.”

“సయ్యారా,” అన్నాడు అబ్బులు.

“పిల్ల సీటు తడిపిందని చెప్పు.”

చెప్పాడు. గుమాస్తా రాశాడు.

“బూటు విప్పి, అరికాలు పట్టుకుని, కాల్చి, మళ్ళీ బూటు తొడిగాడని చెప్పు. అమ్మకి చెబితే రెండో కాలు కూడా అన్నావు కదూ? లేకపోతే నా పిల్ల నోరెందుకు పడిపోతుంది? అది కూడా చెప్పు.”

“చెల్లెమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను...”

“నా కూతురి కాలు పట్టుకున్నప్పుడు ఆలోచించుకోవాల్సింది. చెప్పు!”

మాట మాటకీ అతని గొంతు సన్నబడిపోయింది. పోలీసు చెయ్యి అతని భుజం మీద పడింది. చెప్పాడు. అంతా చెప్పాడు.

వకీలు గుమాస్తాను ఆపి ఒక్క మాట అడిగాడు.

“మిన్?”

ఎవరు?

ఆ మాట కూడా వీరమ్మకు తెలుసు. గుమ్మంలో తలుపు కొట్టిన వాళ్ళని రోజూ అదే అడుగుతుంది. తనే చెప్పగలదు. చెప్పలేదు. కూతుర్ని ఎత్తి భుజాన వేసుకుని, కుర్చీలోంచి లేచి, అతని ముఖంలో ముఖం పెట్టి నిలబడింది.

“అడుగుతున్నారు. పేరు చెప్పు.”

అతని పెదాలు కదిలాయి. ఏమీ వినబడలేదు.

“గట్టిగా. నా కూతురు వినాలి.”

కనకం తల్లి భుజం మీదనుంచి తల తిప్పింది. కాలు కాలిన రోజు తర్వాత మొదటిసారి అతన్ని సూటిగా చూసింది.

“అబ్బులు,” అన్నాడు అబ్బులు.