బ్రేకు తొక్కానన్న బావ

లారీ మెకానిక్కుకు తన బావంటే ఏనాడూ గౌరవం లేదు. అక్క మొగుడు కాబట్టి ఎదురుపడితే పలకరించేవాడు, అంతే. బావ ఇరవై ఏళ్లుగా లారీ నడుపుతున్నవాడే గాని, స్టీరింగు కన్నా నాలుకే ఎక్కువ తిప్పాడు. టైరు పంక్చరైతే పేలిపోయిందనేవాడు, జల్లు పడితే వరదొచ్చిందనేవాడు. గోరంతను కొండంత చేయకపోతే ఆయనకు తిన్నది అరగదు.

ఒక సోమవారం ఉదయం, కూడలి దగ్గర, బావ లారీ ఒక లాండ్రీ వ్యానును వెనక నుంచి గుద్దింది. వ్యాను నడుపుతున్నావిడకు కాలూ, భుజం ఎముకా విరిగాయి. దెబ్బకు ముందు ఏం జరిగిందో ఆమెకు గుర్తు లేదు. దాంతో బావ చెప్పిందే వేదమైపోయింది.

సాయంత్రానికల్లా ఆయన కథ తయారు. వ్యాను పక్క వరుసలోంచి ఉన్నట్టుండి ముందుకు దూరి ఆగిపోయిందట. తను రెండు కాళ్లూ ఎత్తి బ్రేకు మీద నిలబడ్డాడట. పక్కకు తిప్పితే బస్టాపులో జనం పోతారని ఆ అరక్షణంలో లెక్కగట్టి, స్టీరింగు బిగబట్టుకున్నాడట. అంత లెక్క వచ్చిన మనిషి పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు ఎందుకు తప్పాడో మెకానిక్కుకు అర్థం కాలేదు. లారీ కంపెనీ మాత్రం మురిసిపోయి, జనాన్ని కాపాడినవాడని ఆఫీసు గోడకు ఆయన ఫొటో తగిలించింది. లాండ్రీ యజమాని ఆ మాటే నమ్మి, ఆసుపత్రి మంచం మీదున్న మనిషిని పనిలోంచి తీసేశాడు. “ఆడమనిషి, పాపం, నేను క్షమించేశాను” అని బావ ఊరంతా చెప్పుకు తిరిగాడు.

నుజ్జయిన లారీ మెకానిక్కు పనిచేసే షెడ్డుకే వచ్చింది. దర్యాప్తుకు వచ్చిన అధికారిణి పెద్దగా మాట్లాడే మనిషి కాదు. డ్రైవరు సీటు కిందున్న నల్ల పెట్టెను మర్నాడు తన కళ్లముందే విప్పాలని మెకానిక్కుకు చెప్పి వెళ్లింది. గుద్దుకోవడానికి ముందూ తర్వాతా కొద్ది సెకన్లపాటు బండి ఎంత వేగంతో పోయింది, బ్రేకు ఎప్పుడు పడింది, స్టీరింగు ఎటు తిరిగింది అన్నీ అందులో నమోదవుతాయి. ఇన్నాళ్లూ దాని మీదే కూర్చుని బండి నడిపిన బావకు అదొకటుందని ఆ రోజే తెలిసింది. తెలిసిన గంటలో షెడ్డులో వాలాడు.

“బామ్మర్దీ, ఆ పెట్టె విప్పేది నువ్వేనట కదా?”

“నేనే.”

“విప్పేటప్పుడు ఏ వైరో తెగిందనుకో, ఎవడేమంటాడు? పాత బండి కదా.”

“బ్రేకు తొక్కానన్నావుగా బావా. తొక్కి ఉంటే అందులో ఉంటుంది. నీకే మంచిది.”

“అంటే నన్ను నమ్మవా? ఆ డబ్బాని నమ్ముతావా?”

డబ్బానే నమ్ముతానని చెప్పి మెకానిక్కు మళ్లీ పనిలో పడ్డాడు. మర్నాడు అధికారిణి ఎదుట పెట్టె విప్పి, సీలు వేయించి ఇచ్చేశాడు.

రెండు రోజులు తిరక్కుండా బావ మాట మార్చాడు. తను బ్రేకు తొక్కిన మాట నిజమేననీ, అది పట్టలేదనీ అధికారిణికి రాసిచ్చాడు. మూడు వారాల కిందటే ఆ లారీ బ్రేకులు బాగుచేసింది మెకానిక్కే. రిపేరు కార్డు మీద సంతకమూ అతనిదే. విచారణ తేలేదాకా ఇంట్లో ఉండమన్నాడు షెడ్డు యజమాని.

మొగుడు రాసిచ్చింది తెలిసి అక్క పరుగున వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, తలొంచుకుని, “బ్రేకులు బాగానే బిగించావు కదరా తమ్ముడూ?” అని అడిగింది. బిగించానన్నాడు. ఆమె వెళ్లిపోయాక మాత్రం కుదురుగా కూర్చోలేకపోయాడు. ఒక్కో బోల్టునూ మనసులో విప్పి మళ్లీ బిగించుకున్నాడు. ఏ చక్రం దగ్గరైనా చెయ్యి తొందరపడిందా? ఆ వదరుబోతు మాట తన చేతి మీద తనకే అనుమానం పుట్టించిందంటే బావ మీద కన్నా తన మీదే ఎక్కువ అసహ్యం వేసింది.

విచారణ ఒక ఇరుకు గదిలో జరిగింది. అధికారిణి కాగితం తీసి, కూరగాయల పద్దు చదివినట్టు చదువుకుంటూ పోయింది. గుద్దడానికి ముందు ఎనిమిది సెకన్లపాటు వేగం గంటకు అరవై ఎనిమిది కిలోమీటర్లు. స్టీరింగు వీసమెత్తు కదల్లేదు. ఎదురుగా బండి ఆగి ఉందని నాలుగు సెకన్ల ముందే హెచ్చరిక బీప్ మోగింది. అయినా బ్రేకు మీద కాలు పడలేదు. పడింది గుద్దిన సెకనుకు. పడ్డాక లారీ ఎలా ఆగాలో అలాగే ఆగింది. బ్రేకుల్లో లోపం లేదు.

మెకానిక్కు ఒళ్లో ఉన్న చేతులు అప్పటిదాకా పిడికిళ్లుగా ఉన్నాయని అవి విడివడ్డాకే అతనికి తెలిసింది.

బావ గొంతు సవరించుకున్నాడు. “ఎండకి వేడెక్కి తప్పు రాసుంటుందండీ అది.”

“మిగతావన్నీ గుర్తుపెట్టుకుని మీ బ్రేకు ఒక్కటే మరిచిపోయిందా?” అంది ఆమె తలెత్తకుండానే. “ఆ ఎనిమిది సెకన్లూ మీరేం చేస్తున్నారు?”

తోటి డ్రైవరుతో ఫోనులో ఉన్నానన్నాడు బావ. ఏం మాట్లాడారని ఆమె అడగలేదు. ఆ తోటి డ్రైవరే తర్వాత షెడ్డులో చెప్పాడు: బ్రేకులు పోయిన లారీని ఒకప్పుడు తను కొండ మీద నుంచి ఎలా దింపాడో వర్ణిస్తున్నాడట మహానుభావుడు.

బావ లైసెన్సు రద్దయింది. కంపెనీవాళ్లు ఫొటో తీసేసి ఆ మేకుకు క్యాలెండరు వేలాడదీశారు. లాండ్రీ యజమాని ఆసుపత్రికి వెళ్లి ఆవిడను మళ్లీ పనికి రమ్మన్నాడు. తప్పు తనది కాదని ఆమె మొదట అతని చేత కాగితం మీద రాయించుకుంది. రాయించుకున్నాక, వేరే చోట చూసుకుంటానంది. షెడ్డు యజమాని ఏమీ జరగనట్టే, పని చాలా పేరుకుపోయిందని మెకానిక్కుకు కబురు పెట్టాడు. మెకానిక్కు వెళ్లాడు.

ఒక ఆదివారం అక్క భోజనానికి పిలిచింది. గుమ్మంలోనే అతని చెయ్యి పట్టుకుని, “ఆ రోజు నిన్ను ఆ మాట అడక్కుండా ఉండాల్సింది రా” అంది. అతను పోనీలే అన్నాడు గాని, ఆ మాట కోసం ఇన్నాళ్లూ కాచుకుని ఉన్నానని అతనికి తెలుసు.

ముందుగదిలో బావ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. పెట్టెలు తయారుచేసేవాళ్లూ పోలీసులూ కుమ్మక్కయ్యారనే సంగతి పక్కింటాయనకు అప్పటికే చెప్పడం అయిపోయింది; పక్కింటాయన ఏదో పనుందని జారుకుంటున్నాడు. అక్క చేతిలోంచి కంచం అందుకుంటున్న బావమరిదిని చూసి బావ సర్దుకుని కూర్చున్నాడు.

“అసలా రోజు ఏం జరిగిందంటే బామ్మర్దీ…”

మెకానిక్కు కంచం తీసుకుని వంటింట్లోకి నడిచాడు. అక్క కూడా తన కంచం పట్టుకుని వెనకే వచ్చి, పక్కన చతికిలబడింది. ఇద్దరూ తినడం మొదలుపెట్టారు. ముందుగదిలో ఆయన చెబుతూనే ఉన్నాడు.