రోసమ్మ చెప్పిన సాక్ష్యం

మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో జ్ఞానశేఖర్ ఇంట మగబిడ్డ పుట్టాడని తెలియగానే చర్చి సంఘమంతా కదిలివచ్చింది. నెలలు నిండకుండా పుట్టినవాడు, రెండు కిలోలైనా లేడు. అయినా ఒకరి ఒడిలోంచి మరొకరి ఒడిలోకి సాగిపోయాడు. బస్సు దిగి వచ్చిన చేతులు, పిండి కలుపుతూ లేచివచ్చిన చేతులు, అన్నీ దీవించిన చేతులే. మన ఇళ్ళల్లో ప్రేమకేం కొదవ? కొదవల్లా సబ్బుకే.

నాయనమ్మ రోసమ్మ బాపట్ల నుంచి వచ్చి పాతికేళ్ళయింది. పాస్టరు జకర్యాగారు ప్రార్థించి ఇచ్చిన నూనె సీసా అంటే ఆమెకు ప్రాణం. మోకాళ్ళ నొప్పికైనా, తలనొప్పికైనా అదే మందు. మూత ఎప్పుడో పోతే పాతగుడ్డ ముక్క కుక్కి పెట్టుకుంది. బొడ్డుకు ఏమీ రాయొద్దని నర్సు చెప్పిన మాట కోడలు దేవకృప గుర్తుచేస్తే, "ముగ్గుర్ని పెంచినదాన్ని, నాకా నేర్పేది?" అని కొట్టిపారేసింది. కోడలు స్నానానికి వెళ్ళినప్పుడల్లా వేలు నూనెలో ముంచి బొడ్డుకు అద్దేది. చాటుగా చేసినా ప్రేమతోనే చేసింది.

తొమ్మిదో రోజు ఉదయం బిడ్డ ఏడవనే లేదు. "ఎంత బుద్ధిమంతుడో!" అని రోసమ్మ మురిసిపోయింది. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే పక్కింటి సుమిత్ర, డ్యూటీకి పోతూ పోతూ బాబును చూద్దామని వచ్చింది. ముందు కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, ఆ తరువాతే బిడ్డను ముట్టుకుంది. ముట్టుకోగానే ఆమె ముఖం మారిపోయింది.

"పాలు తాగుతుండా అమ్మా?"

"పొద్దుటి నుంచీ నోరే తెరవట్లేదు. నిద్రపోతన్నాడులే," అంది రోసమ్మ.

"ఇది నిద్ర కాదమ్మా! ఒళ్ళు సల్లగున్నది. బొడ్డు చుట్టూ ఎట్ల ఎర్రగైందో సూడు. జల్ది ఆటో పిలువుండ్రి!"

ఆసుపత్రిలో డాక్టరమ్మ బిడ్డను పరీక్షించి, "రక్తంలోకి క్రిములు చేరినట్టున్నాయి. బొడ్డుకు ఏమైనా రాశారా?" అని అడిగింది.

"లేదండీ," అంది దేవకృప నమ్మకంగా.

చెబితే రోసమ్మ కొడుకు ముఖం ఎలా చూడగలదు? చెప్పకపోతే మనవడు దక్కుతాడా? చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేనే రాశానమ్మా, నూనె," అంది.

డాక్టరమ్మ కసరలేదు. "చెప్పి మంచిపని చేశారు. నెలలు నిండని పిల్లలకు రోగాన్ని తట్టుకునే శక్తి తక్కువ. పచ్చిబొడ్డు గుండా క్రిములు తేలిగ్గా లోపలికి పోతాయి. వేళకు తెచ్చారు, ఇంజెక్షన్లు మొదలుపెడదాం," అంది.

పద్నాలుగు రోజులు ఇంజెక్షన్లు సాగాయి. పదిహేనో రోజు ఇంటికి తెచ్చాక బిడ్డ ఇల్లంతా దద్దరిల్లేలా ఏడుస్తుంటే, అంత తీయని పాట తానెన్నడూ వినలేదనుకుంది రోసమ్మ.

మరుసటి నెల ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన కూడిక పెట్టారు. గుమ్మం దగ్గర బకెట్టు, చెంబు, సబ్బు పెట్టుకుని రోసమ్మే నిలబడింది. జకర్యాగారితో సహా అందరి చేతులమీదా నీళ్ళు పోసింది. పాటలయ్యాక, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచింది.

"దేవుడికి స్తోత్రం. డాక్టరమ్మకూ, నర్సమ్మకూ, మా సుమిత్రకూ ఈ జన్మంతా రుణపడి ఉంటాను. కానీ సాక్ష్యం సగం చెప్పకూడదు. వాణ్ణి చావుదాకా తీసుకుపోయింది నేనే, ఈ వేలే," అంటూ కుడిచేయి చూపించి, జరిగినదంతా చెప్పి ఏడ్చేసింది.

జకర్యాగారు మెల్లగా లేచారు. "నూనె మీద ప్రార్థించి ఇచ్చాను గాని, పసిబిడ్డ బొడ్డుకు రాయకూడదని ఎవరికీ చెప్పలేదు. ఆ తప్పు నాది కూడా. ఇకమీదట పిల్లలు పుట్టిన ప్రతి ఇంట్లో చెబుతాను."

సుమిత్ర కళ్ళు తుడుచుకుంటూ రోసమ్మ చేయి పట్టుకుంది. రోసమ్మ అందరివైపూ తిరిగింది.

"నా మనవడు దక్కాడు, రేపు మీ బిడ్డా దక్కాలి. పచ్చిబొడ్డుకు ఏమీ రాయకండి. పాలు మానేస్తే నిద్రనుకోక ఆసుపత్రికి పరుగెత్తండి. పసిబిడ్డను దీవించే చేయి ఏదైనా సరే, ముందు సబ్బుతో కడుక్కుని రావాలి!"