ఎస్తేరు పేరు రాసిన నోరు

నేను ఒక నోటిని. నాలుక లేని నోటిని. ప్లాస్టర్‌తో పోసిన పై దవడ ఒకటి, కింది దవడ ఒకటి, రెండూ విడిపోకుండా చుట్టిన రబ్బరు బ్యాండు ఒకటి, అంతే నేను. పెదవులు లేవు కాబట్టి ఎప్పుడు చూసినా నవ్వుతున్నట్టే ఉంటాను. చావు కబురు విన్నప్పుడు కూడా నవ్వుతూనే ఉన్నాను. అందుకు నన్ను తప్పు పట్టకండి. మీకైతే మూసుకోవడానికి పెదవులున్నాయి. వాటిని ఎప్పుడు మూసుకోవాలో మీకు తెలియదన్నది వేరే సంగతి.

నేను పుట్టింది రాజమండ్రిలో, ఒక మందుల షాపు మేడ మీద. పళ్ళ డాక్టర్ల దగ్గర అసిస్టెంట్లుగా కుదరాలనుకునే ఆడపిల్లలకు అక్కడ శిక్షణ ఇచ్చేవారు. పొద్దున పూట పళ్ళ పని, మధ్యాహ్నం బిల్లుల పని. పొద్దున కామేశ్వరి మేడం వచ్చి గ్లౌజులు తొడుక్కోవడం, పనిముట్లు మరగబెట్టడం, డాక్టరు చెయ్యి చాపకముందే ఏది అందించాలో కనిపెట్టడం నేర్పేవారు. మధ్యాహ్నం యజమాని సూర్రావు గారు కంప్యూటరు మీది గుడ్డ తీసి, దానికో దండం పెట్టి, బిల్లు కొట్టడం నేర్పేవారు. ఆ రోజుల్లో కంప్యూటరంటే అంత భయభక్తులు మరి.

ఆ ఇద్దరికీ చెరో సూత్రం ఉండేది. కామేశ్వరి మేడం ఏ పని చేయించినా దాని మీద చేసినవాళ్ళ పేరు రాయించేవారు. మార్కులు వెయ్యాలి కదా, ఏ పిల్ల ఎంత బాగా చేసిందో తెలియాలి కదా. సూర్రావు గారిది దీనికి సరిగ్గా ఎదురు. "కాయితమైనా, కవరైనా, సీసా అయినా పేషెంటు పేరే ఉండాలమ్మా. నొప్పి ఎవరిదో పేరు ఆళ్ళది," అనేవారు. ఒకే గదిలో, మధ్యలో అన్నం తినే వేళ తేడాతో, ఈ రెండు మాటలూ పిల్లల చెవిన పడేవి. ఈ రెండూ ఒక రోజున ఢీకొంటాయని ఎవరికీ తట్టలేదు. మనుషులు ఏదైనా బాగా నేర్పుతారు గాని, పక్కవాడు ఏం నేర్పుతున్నాడో మాత్రం కనుక్కోరు.

ఆ ఏడు చేరినవాళ్ళలో ఎస్తేరు, రత్నం జోడీ. ఎస్తేరుది కొవ్వూరు అవతల ఒక పల్లె. చిన్నప్పుడు బోరింగు దగ్గర పడి ముందు పన్ను మూల విరగ్గొట్టుకుంది. మనిషి గట్టిది, గొంతు ఇంకా గట్టిది. రత్నం పూర్తి పేరు నూకరత్నం, రాజమండ్రి పిల్లే. పై వరసలో పన్ను మీద పన్ను ఉండేది. అందుకని నవ్వొచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకునేది.

ఒకరి నోటి అచ్చు ఒకరు తీసుకోవాలన్నారు కామేశ్వరి మేడం. గులాబీరంగు పొడిని నీళ్ళలో గబగబా కలిపి, ట్రేలో మెత్తి, ఎదుటి మనిషి నోట్లో పెట్టి, అది గట్టిపడేదాకా కదలకుండా పట్టుకోవాలి. ఎస్తేరు రత్నం నోట్లో పెట్టింది. రత్నం కళ్ళు తేలేసింది.

"ముక్కుతో ఊపిరి తియ్యవే. నోటి సంగతి మర్చిపో, నీకు నోరే లేదనుకో," అంది ఎస్తేరు.

రత్నం కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా కదలకుండా కూర్చుంది. ట్రే ఊడబెరికితే చప్పుడైంది. లోపల ఏముంది? రత్నం నోరు అంతవరకూ ఉండి, ఇప్పుడు లేని చోటు. ఆ ఖాళీలో ప్లాస్టర్ పోశారు. నేను ఆ ఖాళీలోంచి పుట్టాను. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు దానంతటదే వేడెక్కుతుంది. రత్నం నన్ను చేతిలోకి తీసుకుని ఉలిక్కిపడింది.

"ఒసే ఎస్తేరూ, దీనికి జొరం వచ్చిందే."

"కాసేపే అమ్మా ఆ వేడి," అన్నారు కామేశ్వరి మేడం. "ఒకసారి ఎండిపోయాక మళ్ళీ జన్మలో వేడెక్కదు."

రత్నం వేలితో నా పన్ను మీద పన్నును తడిమి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. ఎస్తేరు నన్ను బోర్లించి అడుగున తన పేరు రాసుకుంది, చేసింది తను కాబట్టి. ఎస్తేరు నోటి అచ్చును రత్నం తీసింది, దాని మీద రత్నం పేరు ఎక్కింది. అలా మేమిద్దరం ఒకరి పేరుతో ఒకరం అద్దాల బీరువాలో పక్కపక్కన కూర్చున్నాం.

చదువు ముగిసింది. ఎస్తేరుకు కాకినాడలో ఒక క్లినిక్‌లో పని దొరికింది. కామేశ్వరి మేడం కూడా మానేసి వైజాగు వెళ్ళిపోయారు. రత్నం మాత్రం ఊళ్ళోనే ఉండి ఉద్యోగం వెతుక్కుంటోంది. మంచి వానల్లో, గోదారి ఎర్రగా పొంగి పారుతున్నప్పుడు, అవతలి ఒడ్డున కొవ్వూరులో ఎవరో డాక్టరు రమ్మన్నారని పొద్దున్నే బయల్దేరింది. ఆ డాక్టరు దగ్గరికి చేరలేదు. ఇంటికి తిరిగి రాలేదు.

ఏమైందో నాకూ తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే. ఆ పొద్దున బీరువాలో ఉన్నట్టుండి నా పళ్ళ సందుల్లో నీళ్ళు ఊరాయి. వానాకాలం, గోడలు చెమర్చే కాలమే, కాదనను. కాని నా అటూ ఇటూ ఉన్న నోళ్ళన్నీ ఎండుగానే ఉన్నాయి. ఆ నీళ్ళలో సన్నటి ఇసుక ఉంది. ఊడ్చే ఆమె అద్దం తీసి, నా కింద చేరిన మడుగు తుడుస్తూ, "ఎక్కడ కారతందో ఏటో," అని పైకప్పు వంక చూసింది. పైకప్పు పొడిగా ఉంది.

వేసవి వచ్చి నీళ్ళు తగ్గాయి. ఇసుక తవ్వేవాళ్ళకు గోదారి మధ్య ఒక లంక దగ్గర కొన్ని ఎముకలు, ఒక కింది దవడ దొరికాయి. పై దవడ దొరకలేదు. దొరికి ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది, పన్ను మీద పన్ను చూసి కన్నతల్లి ఇట్టే గుర్తుపట్టేది. రత్నం తల్లి మంగతాయారు చీరలకు ఫాల్స్ కుట్టుకుని బతికే మనిషి. ఉన్నది ఆ ఒక్క కూతురే. పోలీసులు ఆమెను పిలిపించి ఏదైనా గుర్తు చెప్పమన్నారు. పళ్ళ చదువు చదివిన చోట మా పిల్ల నోటి అచ్చు తీశారని ఆమె చెప్పింది.

కానిస్టేబులు మేడెక్కి వచ్చాడు. సూర్రావు గారు బీరువా తీసి, కళ్ళజోడు సవరించుకుని, ఒక్కో నోటినీ బోర్లించి పేరు చదివారు. ఆయన బిల్లుల మనిషి. పేరు ఎవరిదో నోరు వాళ్ళదే అనుకున్నారు.

"ఇదిగోనండి రత్నం. ఆయ్, ఇదే," అని నా పక్కనున్న ఎస్తేరు నోటిని తీసి ఇచ్చేశారు.

నేను అక్కడే ఉన్నానండీ. జానెడు దూరంలో ఉన్నాను. నేనే రత్నాన్ని అని అరవడానికి గొంతేది? కానిస్టేబులు మెట్లు దిగుతుండగా నా రబ్బరు బ్యాండు ఫట్టున తెగింది. నా పై దవడ ఇటు, కింది దవడ అటు పడి నోరు బార్లా తెరుచుకుంది. సూర్రావు గారు నన్ను మళ్ళీ సర్ది కొత్త బ్యాండు వేశారు.

దొరికిన దవడ ఆ అచ్చుతో కలవలేదు. కలవదు కదా. మంగతాయారు నడివీధిలో కూలబడి ఏడ్చింది, సంతోషంతో. అప్పట్నుంచి దారి వంక చూసే ఆమె కళ్ళు కాయలు కాచాయి. కాకినాడలో ఎస్తేరు ఆ కబురు విని, ఆదివారం చర్చిలో లేచి నిలబడి, నా స్నేహితురాలు బతికే ఉందని సాక్ష్యం చెప్పింది. జనం హల్లెలూయా అన్నారు. ఆ ఎముకలు మాత్రం ఎవరికీ కాకుండా ఆసుపత్రిలో గుడ్డమూటలో ఉండిపోయాయి.

కొన్ని నెలలు గడిచాయి. ఒక రోజు ఎస్తేరు ఎవరో ముసలాయన నోటి అచ్చు తీసి, కట్టుడుపళ్ళు చేసే ల్యాబుకు పంపింది. సాయంత్రానికి ల్యాబు వాళ్ళు ఫోన్ చేశారు. డాక్టరు పడీపడీ నవ్వారు.

"ఏమ్మా ఎస్తేరూ, కట్టుడుపళ్ళు నీకా, ఆయనకా? పెట్టె మీద నీ పేరు రాశావు."

ఆ గదిలో అందరూ నవ్వారు. ఎస్తేరు నవ్వలేదు. ఎందుకు తన పేరు రాసిందో, ఆ అలవాటు ఎక్కడిదో గుర్తొచ్చింది. చేతిలో ఉన్న గ్లౌజులు కింద పడేసి బస్సెక్కింది.

మర్నాడు పొద్దున ఆమె మేడెక్కి బీరువా తలుపు తీసినప్పుడు, పోలీసులు తిరిగిచ్చిన నోరు నా పక్కనే ఉంది. ముందు దాన్ని తీసింది. దాని ముందు పన్ను మూల విరిగి ఉంది. ఎస్తేరు నాలుకతో తన విరిగిన పన్ను తడుముకుంది. తరవాత నా వైపు చూసింది. నా పన్ను మీద పన్ను మీద వేలు పెట్టింది.

"నువ్వేనటే," అంది. "ఇన్నాళ్ళూ నా పేరు ఏసుకుని ఇక్కడున్నావటే."

ఆసుపత్రిలో కనుక్కుంటే, ఆ అనాథ ఎముకల్ని ఆ వారంలోనే పూడ్చేస్తున్నారని తెలిసింది. నన్ను ఆ దవడ పక్కన పెడితే చాలు, రత్నం రత్నంగా వెళ్తుంది. లేకపోతే పేరు లేకుండా వెళ్తుంది. కాని తల్లికి చెప్పకుండా ఎలా? ఎస్తేరు నన్ను చున్నీలో చుట్టుకుని మంగతాయారు ఇంటికి వెళ్ళింది. చెప్పాల్సిందంతా ఏడుస్తూ చెప్పింది. తప్పు నాదే పిన్నీ, నా పేరు రాసుకున్నాను పిన్నీ, అంది.

మంగతాయారు ఏడవలేదు. నన్ను ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో తడిమింది.

"పాలపన్ను ఊడకుండానే ఈ పన్ను తోసుకొచ్చేసింది. పీకించేద్దామంటే దానికి భయం. నాకూ భయమే," అంది. నన్ను కొంగుతో కప్పుకుని, "ఇయ్యాల్టికి నా దగ్గరుంచమ్మా. రేపొచ్చి అట్టుకెళ్ళు," అంది. ఎస్తేరు కాదనలేకపోయింది.

తెల్లవారింది. దొడ్లో గాజు గ్లాసులో రత్నం బ్రష్షు ఇంకా నిలబడే ఉంది. మంగతాయారు దాని మీద పళ్ళపొడి వేసి నాకు పళ్ళు తోమింది. పైవి, కిందివి, ఓపిగ్గా, చిన్నపిల్లకు తోమినట్టు. నీళ్ళు పోసి కడిగింది. తరవాత నా రబ్బరు బ్యాండు తీసి, పై దవడను కొంగులో పెట్టుకుని, గంధం తీసే సాన ముందేసుకుని, నా కింది దవడను దాని మీద బోర్లించి అరగదీయడం మొదలుపెట్టింది.

మాకు నొప్పి ఉండదు. అయినా ఆ చప్పుడు నా పై పళ్ళలో పుట్టింది. సాన మీద తెల్లటి గంధం కారుతోంది. అది రత్నం పళ్ళ గంధం. ఆమె మధ్యమధ్య నీళ్ళు చిలకరిస్తూ, లాలిపాట పాడే గొంతుతో నాతో మాట్లాడింది.

"నోరిప్పకు తల్లీ. నువ్వు నోరిప్పితే అది చచ్చిపోద్ది. నోరిప్పకు."

ఎస్తేరు వచ్చేసరికి నా కింది దవడ నున్నటి బిళ్ళ. మంగతాయారు దాన్ని కొంగుతో తుడిచి ఆమె చేతిలో పెట్టింది.

"ఏం చేసేవు పిన్నీ," అంది ఎస్తేరు. "అక్కడ అది ఒక్కత్తీ ఉంది పిన్నీ. ఎవరికీ కాకుండా ఉంది."

"అది మా పిల్ల కాదు. కాదని ఆళ్ళే చెప్పేరు కదా. మా పిల్ల వత్తది." మంగతాయారు సాన కడుగుతూనే ఉంది. "అచ్చు కావాలంటే, అది వచ్చేక మళ్ళీ తీద్దువుగాని."

ఎస్తేరు ఆసుపత్రికి వెళ్ళింది. చూపించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు, ఒక తెల్ల బిళ్ళ తప్ప. ఎవరితోనూ వాదించలేదు. తన ఊరి పాస్టరు గారిని బతిమాలి తీసుకొచ్చి, ఆ మూటను పూడ్చేచోట నాలుగు మాటలు ప్రార్థన చేయించింది. గుంత పూడ్చకముందు బిళ్ళను తిప్పి చూసింది. అడుగున తన పేరు చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని తాళంచెవితో గీకేసి, ఆ చోట రత్నం పేరు చెక్కి, మూట పక్కన పెట్టింది. నేను అక్కడ లేను, మంగతాయారు ఇంట్లో ఉన్నాను. అయినా మట్టి పడ్డప్పుడు నాకు తెలిసింది. నాకు లేని కింది పళ్ళ మధ్య ఇప్పటికీ మట్టి ఉంటుంది.

ఇప్పుడు నేను సగం నోటిని. దొడ్లో అద్దం ముందు, బ్రష్షు గ్లాసు పక్కన ఉంటాను. రోజూ పొద్దున మంగతాయారు నాకు పళ్ళు తోముతుంది. ప్లాస్టర్ ఎన్నాళ్ళు ఆగుతుంది చెప్పండి, పన్ను మీద పన్ను కూడా అరిగిపోతోంది. ఎస్తేరు పండక్కీ పబ్బానికీ వచ్చి, పిన్ని పక్కన కూర్చుని, కాకినాడ కబుర్లన్నీ చెబుతుంది గాని, ఆ గుంత ఎక్కడుందో చెప్పదు. మంగతాయారూ అడగదు.

కాని ఒక్కోరోజు తోమడం అయ్యాక మంగతాయారు నన్ను గ్లాసు పక్కన పెట్టెయ్యదు. అరచేతిలో ఉంచుకుని, కాసేపు అలాగే నిలబడి, "జొరమేటే నీకు," అని మెల్లగా అడుగుతుంది. ఎండిన ప్లాస్టర్ మళ్ళీ వేడెక్కదని కామేశ్వరి మేడం చెప్పారు. ఆ మాట నేనూ విన్నాను.